డుబ్రోవ్నిక్ 1950 నమూనా చదరంగం పావులు: నైడార్ఫ్ ఆటలతో ఆరు నెలలు

1950లో యుగోస్లావియాలోని డుబ్రోవ్నిక్ నగరంలో జరిగిన చదరంగం ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) కోసం ప్రత్యేకంగా రూపొందించిన పావులకు ఇప్పుడు చాలామంది నకళ్ళు తయారుచేసి అమ్ముతున్నారు. అలాంటి ఒక జత నా దగ్గర ఆరు నెలలుగా ఉంది. అమ్మినవారి పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే నేను ఎత్తిచూపబోయే లోపాల్లో ఒకటి వారి ఒక్కరిదే కాకుండా ఈ నకళ్ళు అమ్మేవారిలో చాలామందికి ఉన్న అలవాటు అనిపించింది. ఈ ఆరు నెలల్లో నేను ఈ పావులతో ఎదుటివారితో ఆడినది తక్కువే. ఎక్కువగా మిగెల్ నైడార్ఫ్ ఆడిన ఆటలను ఒక్కొక్క ఎత్తుగా బల్లపై వేసి చూశాను. పావులను పరీక్షించడానికి ఆయన ఆటలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ ఒలింపియాడ్‌లో అర్జెంటీనా జట్టు తరఫున మొదటి బల్లపై కూర్చున్నది ఆయనే. అంతకు పదకొండేళ్ళ క్రితం ఒలింపియాడ్‌లో ఆయన ఆడింది పోలండ్ తరఫున.

ముందుగా వస్తువు సంగతి. నా కొలతలో రాజు ఎత్తు 95 మిల్లీమీటర్లు, అడుగు వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉంది. 55 మిల్లీమీటర్ల గళ్ళున్న బల్లపై ఈ పావులు ఇరుకుగానూ లేవు, ఎడంగానూ లేవు. పోటీల్లో మామూలుగా కనిపించే స్టాంటన్ పావుల్లో రాజు తలపై శిలువ ఉంటుంది. డుబ్రోవ్నిక్ పావుల్లో అది లేదు, దాని స్థానంలో చిన్న గుండ్రని మొన మాత్రమే ఉంది. శకటు తల చీలికతో కాకుండా నున్నగా ఉండి, పైన ఎదుటి రంగు కర్రతో చేసిన గింజ ఉంటుంది. తెల్ల శకటుకు నల్లగింజ, నల్ల శకటుకు తెల్లగింజ. మొదట ఇది అలంకారమే అనుకున్నాను గానీ, పావులు గుంపుగా చేరిన మధ్యాటలో బంట్ల మధ్య నిలబడ్డ శకటును కన్ను వెంటనే పట్టుకోవడానికి ఈ గింజ నిజంగా ఉపయోగపడుతోంది. గుర్రం చెక్కడంలో ఆర్భాటం లేదు. జూలును నాలుగు గీతలతో సరిపెట్టారు, నోరు తెరిచి లేదు, మెడ ముందుకు వంగి ఉంది. చూపుడువేలు, బొటనవేలు ఆ మెడ వంపులో సరిగ్గా కుదురుకుంటాయి. గుర్రాన్ని ఎత్తి పెట్టడం ఇంత హాయిగా ఉన్న పావులు నేను ఇంతకు ముందు ముట్టుకోలేదు.

అడుగున సీసం నింపారు. బరువు సమంగానే ఉంది, అయితే రెండు నల్లబంట్లు మాత్రం మిగతావాటికంటే తేలికగా అనిపిస్తాయి. అడుగున అంటించిన బట్ట ఒక ఏనుగుకు మూడో నెలలోనే అంచున లేచింది, మళ్ళీ జిగురు పెట్టవలసి వచ్చింది. నల్లపావుల రంగు బాగుంది గానీ, వేలు ఎక్కువగా తగిలే చోట, అంటే మంత్రి మెడ దగ్గర, గుర్రం చెవుల దగ్గర, అప్పుడే కొంచెం పలచబడింది. నల్లకర్రతో చేసిన పావులు కాకుండా రంగు వేసినవి కొనేవారు దీనికి సిద్ధపడి కొనాలి.

బరువు ఎలా ఉందో తేల్చుకోవడానికి నేను మొదట వేసిన ఆట, నైడార్ఫ్ యువకుడిగా వార్సాలో గ్లుక్స్‌బెర్గ్ అనే ఆటగాడితో నల్లపావులతో ఆడినది. దానికి ‘పోలిష్ అమర ఆట’ అని నైడార్ఫ్ గురువు తార్తాకోవర్ పేరు పెట్టారు. 22 ఎత్తుల్లో ముగిసే ఆ ఆటలో నలుపు తన రెండు శకటులనూ రెండు గుర్రాలనూ ఒకదాని తర్వాత ఒకటిగా బలి ఇస్తుంది. మొదట జీ1 గడిలోకి (గడి పేరులో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డు వరుసది) వెళ్ళి కూర్చునే శకటు, ఆ తర్వాత ఈ5 మీద ఒక గుర్రం, జీ4 మీద రెండో శకటు, చివరికి మళ్ళీ ఈ5 మీదే మిగిలిన గుర్రం. ప్రతిసారీ తెలుపు తీసుకోక తప్పని పరిస్థితి, తీసుకున్న ప్రతిసారీ తెల్లరాజు ఇంకా బయటికి రావలసిన పరిస్థితి. చివరికి ఆ రాజు జీ4 గడిలో నిలిచిపోయినప్పుడు, అప్పటిదాకా కదలని హెచ్ బంటు రెండు గళ్ళు ముందుకు వచ్చి ఆట కట్టు చేస్తుంది. ఈ ఆటను తెరమీద చాలాసార్లు చూశాను. చేత్తో వేసినప్పుడు మాత్రం బల్ల పక్కన వరుసగా చేరుతున్న నాలుగు బరువైన నల్లపావులు కళ్ళెదుట ఉంటాయి, బల్లపై మిగిలినది ఒక మంత్రి, రెండు ఏనుగులు, కొన్ని బంట్లు. గెలుపు తెచ్చిన చివరి ఎత్తు అన్నిటికంటే తేలికైన పావుది.

నైడార్ఫ్ 1910లో వార్సా దగ్గరి గ్రోజిస్క్ మజోవియెట్స్కి పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పటి పేరు మెచిస్వావ్. మొదట దవిద్ ప్షెపియూర్కా దగ్గర, తర్వాత సావియెలి తార్తాకోవర్ దగ్గర ఆట నేర్చుకున్నాడు. తార్తాకోవర్‌ను ఆయన చివరిదాకా గురువనే చెప్పుకున్నాడు. 1939లో పోలండ్ జట్టు బ్యూనస్ ఐరిస్ ఒలింపియాడ్‌కు వెళ్ళినప్పుడు మొదటి బల్లపై గురువు, రెండో బల్లపై శిష్యుడు కూర్చున్నారు. యూరప్ జట్లు చాలావరకు ఆంట్వెర్ప్ రేవు నుంచి పిరియాపొలిస్ అనే ఓడలో అట్లాంటిక్ దాటి వచ్చాయి. పోటీ జరుగుతుండగానే సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీదికి దండెత్తింది. ఇంగ్లండ్ జట్టు వెంటనే తిరుగు ప్రయాణం కట్టింది. జర్మనీ, పోలండ్ జట్ల మధ్య ఆట జరగలేదు, 2–2గా రాసుకున్నారు. పట్టికలో చివరికి జర్మనీ మొదటి స్థానంలో, కేవలం అర పాయింటు తేడాతో పోలండ్ రెండో స్థానంలో నిలిచాయి. ఆ పట్టిక చూసినప్పుడల్లా ఆ అర పాయింటు దగ్గర నా చూపు ఆగిపోతుంది.

నైడార్ఫ్ తిరిగి వెళ్ళలేదు. పోలండ్ జట్టులోని యూదు ఆటగాడు పౌలిన్ ఫ్రీడ్మన్ కూడా అక్కడే ఉండిపోయి, బ్యూనస్ ఐరిస్‌లోని రెక్స్ కాఫీశాలలో చదరంగం గదిని నడిపాడు. స్వీడన్ ఆటగాడు స్టాల్‌బెర్గ్, జర్మనీ జట్టు తరఫున వచ్చిన ఆస్ట్రియన్ ఎలిస్కాసెస్ కూడా అర్జెంటీనాలో ఆగిపోయారు. 1941 మార్ డెల్ ప్లాటా పోటీ ఫలితాలు చూస్తే స్టాల్‌బెర్గ్, నైడార్ఫ్, ఎలిస్కాసెస్ వరుసగా మొదటి మూడు స్థానాల్లో నిలిచారు. అర్జెంటీనా చదరంగానికి ఆ ఒక్క ఓడ తెచ్చిపెట్టినది అంత పెద్దది. తార్తాకోవర్ మాత్రం యూరప్ వెళ్ళి స్వతంత్ర ఫ్రాన్స్ సేనలో చేరాడు. తొలి గురువు ప్షెపియూర్కాను నాజీలు 1940లో వార్సా సమీపంలోని పాల్మిరిలో చంపారు. నైడార్ఫ్ భార్య, బిడ్డ, తల్లిదండ్రులు, అన్నదమ్ములు అందరూ ఆ మారణకాండలో పోయారు. ఆయన 1944లో అర్జెంటీనా పౌరుడయ్యాడు. మెచిస్వావ్ మిగెల్ అయ్యాడు.

ఇక్కడే ఈ పావులతో నేను చేసిన ఒక ప్రయత్నం చెప్పాలి. 1947 జనవరిలో సావో పాలో నగరంలో నైడార్ఫ్ 45 మందితో ఒకేసారి, బల్ల చూడకుండా ఆడాడు. సుమారు ఇరవైమూడున్నర గంటలు పట్టిన ఆ ప్రదర్శనలో 39 గెలిచాడు, 4 డ్రా చేశాడు, 2 ఓడిపోయాడు. 45 బల్లలంటే మొదలయ్యేసరికి 1,440 పావులు, 2,880 గళ్ళు. నేను రెండు బల్లలు వేసి, వాటికి వీపు పెట్టి కూర్చుని, ఎదుటివారు ఎత్తు చెబుతుండగా ఆడే ప్రయత్నం చేశాను. పన్నెండో ఎత్తు దగ్గర రెండో బల్లపై నా శకటు ఏ గడిలో ఉందో చెప్పలేకపోయాను. పావులు పడే చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది. ఈ బరువైన పావులు గట్టి చెక్కబల్లపై పడితే ముద్దగా, స్పష్టంగా శబ్దం చేస్తాయి. ఆ చప్పుడు వెంట పావు ఎక్కడికి వెళ్ళిందో ఊహించుకోవడం కూడా నాకు చేతకాలేదు. ఆయన దానిని 45 బల్లలపై ఒక పగలూ ఒక రాత్రీ చేశాడు. ఎందుకు చేశాడంటే, ఆ వార్త పత్రికల ద్వారా యూరప్ చేరుతుందని, తనవారిలో ఎవరైనా బతికి ఉంటే చదివి తన ఆచూకీ తెలుసుకుంటారని ఆశపడినట్లు తర్వాత తానే చెప్పుకున్నాడు. ఆ ఆశ ఫలించలేదు. ఆ సంఖ్య మాత్రం, 2011లో జర్మనీకి చెందిన మార్క్ లాంగ్ 46 బల్లలపై ఆడేవరకు, సాధారణంగా అందరూ అంగీకరించే రికార్డుగా నిలిచింది.

డుబ్రోవ్నిక్‌కు వస్తాను. 1950 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరిగిన ఆ పోటీకి 16 జట్లు వచ్చాయి. యుగోస్లావియా నేత టిటోకూ సోవియట్ నేత స్టాలిన్‌కూ 1948లో చెడిన కారణంగా సోవియట్ కూటమి దేశాలు రాలేదు, కాబట్టి పోలండ్ జట్టు కూడా లేదు. నైడార్ఫ్ పుట్టిన దేశం ఆ హాలులో ఒక్క బల్ల దగ్గర కూడా లేదు. అయితే తార్తాకోవర్ ఉన్నాడు, ఈసారి ఫ్రాన్స్ జట్టులో. 1939లో ఒకే జెండా కింద పక్కపక్కన కూర్చున్న గురుశిష్యులు, ఇప్పుడు రెండు వేరే దేశాల తరఫున, శిలువ లేని ఈ పావులతోనే ఆడారు. పావుల రూపకర్త శిల్పి పెటార్ పోచెక్. మతచిహ్నం లేని ఆ రాజు రూపం అప్పటి యుగోస్లావియా ప్రభుత్వ ధోరణికి అనుగుణమైనదే కావచ్చు. నాకు మాత్రం ఆ రాజును చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ హాలులో అర్జెంటీనా మొదటి బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తే గుర్తుకు వస్తాడు. నైడార్ఫ్ అక్కడ 14 ఆటలు ఆడి 8 గెలిచి, 6 డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదు. యుగోస్లావియా మొదటి స్థానం, అర్జెంటీనా రెండో స్థానం పొందాయి. 1952లో హెల్సింకీలోనూ, 1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ అర్జెంటీనా సోవియట్ జట్టు వెనుక మళ్ళీ రెండో స్థానంలోనే నిలిచింది.

ఇప్పుడు నా ప్రధాన ఫిర్యాదు. పావుల పెట్టెతో పాటు ఎనిమిది పుటల చిన్న పుస్తకం ఇచ్చారు. మంచి కాగితం, మంచి అచ్చు. అందులో మొదటి నుంచి చివరిదాకా, తర్వాతి కాలపు అమెరికా ప్రపంచ విజేత బాబీ ఫిషర్ ఉన్నాడు. ఫిషర్‌కు ఈ పావులంటే ఎంతో ఇష్టమన్న మాట నిజమే, ఈ నకళ్ళకు ఇవాళ ఇంత గిరాకీ ఉండడానికి కారణమూ అదే, కాబట్టి అమ్మేవారు ఆ పేరు చెప్పుకోవడంలో తప్పు లేదు. కానీ 1950లో ఫిషర్ ఏడేళ్ళ పిల్లవాడు, న్యూయార్క్‌లో ఉన్నాడు. ఈ పావులు ఎవరి చేతుల కోసం చెక్కారో, ఆ వేసవిలో వాటిని ఎవరు కదిపారో ఒక్క వాక్యం లేదు. యుగోస్లావియా ఆటగాడు గ్లిగోరిచ్ పేరు లేదు, తార్తాకోవర్ పేరు లేదు, నైడార్ఫ్ పేరు లేదు. ఫిషర్ ఆడిన ఒక ఆటను అచ్చువేసి, దాని పైన ప్రారంభం పేరును ‘సిసిలియన్ రక్షణ’ అని మాత్రమే రాశారు. ఆ ఆటలో నలుపు ఐదో ఎత్తుగా వేసినది ‘ఏ6’, అంటే అంచు బంటును ఏ6 గడికి జరపడం. చదరంగం తెలిసిన ఎవరైనా దానిని నైడార్ఫ్ పద్ధతి అంటారు. ఫిషర్ జీవితమంతా నల్లపావులతో ముఖ్య ఆయుధంగా వాడుకున్నదీ అదే, తర్వాత కాస్పరోవ్ వాడుకున్నదీ అదే. ఆ పేరు రాయడానికి అదే వరుసలో కావలసినంత చోటు ఉంది.

ఆ ఎత్తు గురించి ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవారికి అది అర్థం లేనిదిగా కనిపిస్తుంది. తెలుపు ఈ4, నలుపు సీ5, ఆ తర్వాత తెల్లగుర్రం ఎఫ్3కి, నల్లబంటు డీ6కి, మధ్యలో బంట్ల మార్పిడి, రెండు వైపులా గుర్రాలు బయటికి రావడం పూర్తయ్యాక, నలుపు తన కుడి అంచున ఉన్న బంటును ఒక్క గడి మాత్రమే జరుపుతుంది. పావులేవీ బయటికి రాలేదు, రాజు భద్రం కాలేదు, ఎదుటివారి మీద దాడి లేదు. ఆ ఒక్క గడితో బీ5 గడి తెల్లశకటుకూ తెల్లగుర్రాలకూ మూసుకుపోతుంది. అప్పుడు నలుపు ఈ5 అని మధ్యలోకి తోసినా, శకటు చెక్ చెప్పి ఇబ్బంది పెట్టే వీలుండదు. బీ5 బంటుతో మంత్రి వైపు విస్తరించే దారీ తెరుచుకుంటుంది. చెక్ ఆటగాడు కరెల్ ఒపొచెన్స్కీ వంటివారు దీనిని నైడార్ఫ్ కంటే ముందే ఆడారు. అయితే దానిని పదేపదే పెద్ద పోటీల్లో ఆడి నిలబెట్టినందువల్ల నైడార్ఫ్ పేరే స్థిరపడింది. నా పావుల్లో ఆ ‘ఏ’ వరుస బంటు తల మీద ఒక చిన్న నల్లటి పొర మరక ఉంది. నలుపు పక్షాన కూర్చున్నప్పుడల్లా దానినే ఐదో ఎత్తుగా జరుపుతూ ఉండడం వల్ల, మిగతా ఏడు బంట్ల మధ్య దానిని ఇప్పుడు చూడకుండానే గుర్తుపట్టగలుగుతున్నాను.

ప్రపంచ విజేత పీఠానికి నైడార్ఫ్ ఎంత దగ్గరగా వెళ్ళాడన్నది వాదనకు చోటున్న విషయం, కాబట్టి నా అభిప్రాయంగానే చెబుతాను. 1946లో గ్రోనింగెన్ పోటీ చివరి రోజున ఆయన సోవియట్ దిగ్గజం బొత్విన్నిక్‌ను ఓడించాడు. అదే ఏడాది ప్రాగ్ పోటీలో మొదటి స్థానం పొందాడు. అయినా ప్రపంచ విజేత అలేఖిన్ మరణం తర్వాత 1948లో ఐదుగురితో జరిగిన ప్రపంచ విజేత పోటీలో ఆయనకు చోటు దక్కలేదు. అది అన్యాయమని నా నమ్మకం. ఆ తర్వాత అర్హత పోటీల్లో, 1950 బుడాపెస్ట్‌లో ఐదో స్థానం, 1953 జ్యూరిచ్‌లో గెల్లర్‌తో కలిసి ఆరు, ఏడు స్థానాలు వచ్చాయి. జ్యూరిచ్‌లో తైమనోవ్ మీద నల్లపావులతో గెలిచిన ఆటను ఈ పావులతో ఆడి చూడమని కొనేవారందరికీ చెబుతాను. కింగ్స్ ఇండియన్ అనే ప్రారంభ పద్ధతిలో నల్లబంట్లు రాజు వైపు ఒకదాని వెంట ఒకటి కదిలివచ్చి తెల్లరాజు ముందు గోడ కట్టే దృశ్యానికి, తలలు గుండ్రంగా ఒకే ఎత్తులో ఉన్న ఈ బంట్లు చక్కగా సరిపోయాయి.

అర్జెంటీనాలో ఆయన జీవనాధారం చదరంగం కాదు. బీమా వ్యాపారంలో స్థిరపడి సంపన్నుడయ్యాడు, క్లారిన్ పత్రికలో చదరంగం శీర్షిక రాశాడు, పోటీల్లో ఆడడం మాత్రం మానలేదు. 1962లో హవానాలో కాపబ్లాంకా స్మారక పోటీ గెలిచేటప్పటికి వయసు 52. 1970లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ జట్టుకూ మిగతా ప్రపంచానికీ జరిగిన పోటీలో, అరవయ్యో ఏట, మాజీ ప్రపంచ విజేత తాల్‌తో నాలుగు ఆటల్లో 2–2గా ముగించాడు. 1991లో, 81 ఏళ్ళ వయసులో, అర్జెంటీనా జాతీయ పోటీలో చివరిసారి ఆడాడు. 1997 జూలైలో స్పెయిన్‌లోని మాలగాలో మరణించాడు.

ఈ పావులు కొనవచ్చా అంటే, కొనవచ్చు. గుర్రం కోసం, శకటు తలపై గింజ కోసం, చేతికి ఒదిగే బరువు కోసం తప్పకుండా కొనవచ్చు. రంగు పలచబడడం నచ్చనివారు కొంత ఎక్కువ ఖర్చైనా అసలు నల్లకర్రతో చేసినవి తీసుకోవడం మంచిది. అడుగు బట్టలను వచ్చిన రోజే వేలితో నొక్కి చూసుకోండి. పెట్టెలో పావులకు విడివిడి గుంటలు లేవు, శకటుల గింజలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి కాబట్టి మెత్తని బట్టలో చుట్టి పెట్టండి. పుస్తకం విషయం అమ్మినవారికి రాశాను. మర్యాదగా జవాబిచ్చారు, తర్వాతి ముద్రణలో చూస్తామన్నారు. అప్పటివరకు ఉండనీ అని, పెట్టె మూత లోపల ఒక చిన్న కాగితం అతికించాను. దానిమీద ‘డుబ్రోవ్నిక్, 1950. అర్జెంటీనా, మొదటి బల్ల: మిగెల్ నైడార్ఫ్. 14 ఆటలు, 8 గెలుపులు, 6 డ్రాలు’ అని రాసి ఉంది. దాని కింద ఇంకొక వరుసలో ‘ఫ్రాన్స్: తార్తాకోవర్’ అని రాశాను.